ముందుకు నడిచిన ఊడ్పు

ఆ సినిమా బాగాలేదన్న మనిషి మా చుట్టుపక్కల ఒక్కరు లేరు. అవార్డులొచ్చాయి, పేపర్లు పొగిడాయి. రాజమండ్రిలో ఉండే మా ఆడపడుచైతే రెండుసార్లు చూసి, ఆ తర్వాత మమ్మల్ని చూడమని ప్రాణం తీసేసింది. ఫోను చేసినప్పుడల్లా అదే మాట. "వాణ్ణి తీసుకురా అమ్మాయ్. వాడు చూడాలి."

వాడంటే ఆవిడ తమ్ముడు, మా ఆయన. ఎందుకు చూడాలో నాకు తెలుసు. మా అత్తగారు పోయి ఏడాది దాటింది. ఇంతవరకూ ఆయన కంట చుక్క నీరు రాలేదు. టెంటువాళ్ళతో, వంటవాళ్ళతో మాట్లాడుకుంటూ కార్యక్రమాలన్నీ జరిపించేశారు. తర్వాత 'అమ్మ' అన్న మాటే మానేశారు. ఎవరైనా ఆవిడ ఊసెత్తితే, మోటారు చూసొస్తానని చేలోకి వెళ్ళిపోయేవారు. నేను గయ్యాళిని. నాలుగు అరుపులు అరిస్తే తేలికపడిపోతాను. ఆయన అలా కాదు. లోపలే పెట్టుకుని పెట్టుకుని మనిషి ఏమైపోతాడోనని నాకు బెంగ పట్టుకుంది. తల్లీకొడుకుల కథట, చూసి ఏడవనివాళ్ళు లేరట. ఈ సినిమా అయినా ఆయన్ని ఏడిపిస్తే చాలనుకుని, బతిమాలి బయల్దేరదీశాను.

మాట్నీకి రాజమండ్రి వెళ్ళాం. హాలు నిండిపోయింది. నాకు మాత్రం మొదలైన కాసేపటికే విసుగు పుట్టింది. అందులో తల్లి చేలో కష్టపడే మనిషిట. చీర మడత నలగదు. ఒక్క మాట మాట్లాడదు. అస్తమానం ఆకాశం వంక చూస్తూ ఉంటుంది, వెనక వయొలిన్ మోగుతూ ఉంటుంది. మా అత్తగారు నోరు మూసుకుని ఆకాశం చూసిన రోజు నేనెరగను. ఆవిడ గట్టెక్కి నిలబడి మాట్లాడితే పక్క చేలోవాళ్ళు కూడా పని సరిగ్గా చేసేవారు.

తర్వాత ఊడ్పుల సీను వచ్చింది. అందరూ ఆహా ఓహో అన్న సీను అదే. పైనుంచి తీశారు. నీళ్ళు నిండిన చేలో ఆడవాళ్ళు వరసగా వంగి, నాటుకుంటూ ముందుకు నడుస్తున్నారు.

ముందుకు! నాకు ఒళ్ళు మండిపోయింది. నారుని మా వైపు ఆకంటాం. ఆకు ఊడ్చేవాళ్ళు వెనక్కి నడుస్తారు. ఒక్కో అడుగూ వెనక్కి వేసుకుంటూ, ఖాళీ అయిన చోట గుచ్చుకుంటూ పోతారు. ముందుకు నడిస్తే అప్పుడే నాటిందంతా కాళ్ళ కింద పడి బురదలో కలిసిపోదూ? బురదగా దమ్ము చేసిన చేలోకి ఒక్కసారైనా దిగినవాడెవడూ ఈ సీను తియ్యడు. దీనికా అవార్డు అనుకుంటూ, "ఏవండీ, చూశారా!" అందామని పక్కకి తిరిగాను.

ఆయన ఏడుస్తున్నారు.

రెండు చేతులతో మొహం కప్పేసుకున్నారు. భుజాలు అదిరిపోతున్నాయి. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన్ని అలా చూడలేదు. చుట్టూ చూశాను. మా వరసలోనూ, ముందు వరసలోనూ కళ్ళు తుడుచుకుంటున్నారు. అత్తగారు పోయిన రోజు రాని ఏడుపు, ఆవిడ వస్తువులు సర్దిన రోజు రానిది, శుద్ధ తప్పుడు సీనుకి వచ్చేసింది. ఎలా వచ్చిందో నాకు అంతు పట్టలేదు. చీకట్లో ఎవరికో తెలియకుండానే చేతులెత్తి దణ్ణం పెట్టాను.

ఇప్పుడు నేను నోరు తెరిచి, ఆ ఊడ్పు తప్పండీ అంటే ఆయన ఏమైపోతారు? సిగ్గుపడి మళ్ళీ బిగుసుకుపోతారు. ఇంక ఈ జన్మకి నోరు విప్పరు. అందుకని సినిమా అయ్యేదాకా, అయ్యి కారెక్కాక కూడా, నాలుక కరుచుకుని కూర్చున్నాను. నన్నెరిగినవాళ్ళకి అదెంత కష్టమో తెలుసు.

అక్కగారింటికి కూడా వెళ్ళకుండా గోదావరి బ్రిడ్జి దాటి నిడదవోలు దారి పట్టాక ఆయనే అన్నారు.

"నీకు నచ్చలేదు కదూ?"

"భలేవారే! బాగుందండి."

"నీ మొహం నాకు తెలీదేంటి." కారు కాస్త నెమ్మది చేశారు. "ఆ ఊడ్పు చూశావా?"

ఎక్కడ నోరు జారతానోనని కిటికీ వైపు తిరిగాను.

"అందరూ ముందుకి నడిచారే! ఆకంతా తొక్కేశారు. అది చూడగానే అమ్మ గొంతు వినపడిందే. 'కళ్ళు నెత్తికెక్కాయా? ఎనక్కి నడవండే, ఆకు తొక్కేత్తన్నారు!' అని నా చెవి పక్కనే అరిచింది. అమ్మేనే. అచ్చం అమ్మే."

కాలవ గట్టున కారు ఆపేశారు. సినిమా ఏడిపించిందనుకున్నాను. ఏడిపించింది మా అత్తగారు. అంత పేరున్న సినిమాని తిట్టడానికి ఆవిడ హాల్లోకి వచ్చారు. నా పక్క సీటు దాకా వచ్చారు, నాకు తెలియనే లేదు.

ఆయన ఫోను తీసి, స్పీకరు పెట్టి అక్కగారికి చేశారు. ఆవిడ హలో అనేలోపే, అమ్మ గొంతు పెట్టి, "ఎనక్కి నడవండే!" అన్నారు.

లైను పోయిందేమో అనుకున్నాం.

"నీకూ వినపడిందిరా?" అంది మా ఆడపడుచు. "మొదటిసారి ఉలిక్కిపడ్డాను. రెండోసారి అమ్మ కోసమే వెళ్ళాను. అందుకే నిన్ను రమ్మన్నాను."

ఇంక మొదలుపెట్టారు అక్కాతమ్ముళ్ళిద్దరూ. ఏడుస్తూ, నవ్వుతూ, అమ్మ తిట్లు ఒక్కొక్కటీ గుర్తు చేసుకుంటున్నారు. చేలో తిట్టినవి, వంటింట్లో తిట్టినవి, అన్నీ అచ్చం ఆవిడ గొంతుతోనే అంటుంటే నేను నోరు తెరుచుకుని వింటున్నాను. అందులో సగం ఆవిడ నన్ను తిట్టినవే. అప్పుడు నాకూ ఏడుపు ఆగలేదు.