ఇరవై మూడు చేతులు

సింహాచలం గారు నలభై ఏళ్ళు ఇక్కడి పార్లమెంటులో పనిచేశారు. ఈ మాట చెప్పగానే మనవాళ్ళు కళ్ళింత చేసుకుని "ఎంపీనా అంకుల్?" అనేవారు. "కాదమ్మా, క్లర్కుని" అనేవారాయన. అడిగినవాళ్ళ మొహంలో ఆ వెలుగు టక్కున ఆరిపోయేది. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు తలచుకున్నా మండుతుంది.

ఆయన పుట్టింది ఇక్కడే, ఈ చిన్న ద్వీపదేశం ఉత్తరపు కొసన, సెంబవాంగ్‌లో. వాళ్ళ నాన్న విశాఖపట్నం దగ్గర పల్లె నుంచి ఓడెక్కి వచ్చి, బ్రిటిషువాళ్ళ నౌకాస్థావరంలో కూలీగా చేరాడు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బజారులో మలయ్, బడిలో ఇంగ్లీషు. ఇరవయ్యో ఏట, నది ఒడ్డున ఉన్న పాత సభాభవనంలో టైపు క్లర్కుగా చేరి, సీనియర్ క్లర్కు అయ్యి, 1998లో రిటైరయ్యారు. ఆ రోజు సభ ఏం తేల్చింది, ఎవరు వచ్చారు, ఓటు ఎటు పడింది, ఇవి రాయడం ఆయన పని. అన్నేళ్ళలో ఆ సభలో సొంత మాట ఒక్కటి మాట్లాడలేదు. చదవమంటే లేచి చదివేవారు, మళ్ళీ కూర్చునేవారు.

బెడోక్‌లో ఒకే అపార్టుమెంటు బ్లాకులో మాది పదో అంతస్తు, వాళ్ళది పదకొండు. నేను స్కూలు లైబ్రరీలో పనిచేసి మానేసినదాన్ని. ఆయన భార్య కోటేశ్వరి నాకు స్నేహితురాలు. "మా ఇంట్లో స్పీకరు అనుమతిస్తే గానీ ఈయన ఉప్పు తక్కువైందని కూడా చెప్పరు" అని వేళాకోళం చేసేది.

ఆ కొలువులో ఒక పద్ధతి ఉండేదని ఆయన చెప్పేవారు. సభ్యుడు మాట్లాడినదంతా టైపు చేసి, అచ్చుకు ముందు ఆ సభ్యుడికే పంపుతారు. నోరు జారిన మాట దిద్దుకోవచ్చు. అన్నది అనలేదని మాత్రం మార్చకూడదు. ఈ పద్ధతిని ఆయన దేవుడి గదిలో దీపం పెట్టినంత నిష్ఠగా పాటించారు. రిటైరయ్యాక కూడా వదల్లేదు. దాని వల్లే దెబ్బ తిన్నారు.

2000 నాటికి వారానికో విమానం నిండా సాఫ్ట్‌వేర్ పిల్లలు దిగుతున్నారు. పండగలు చేసుకోవడానికి 'మన తెలుగు కూటమి' అని ఒక సంఘం పెట్టుకున్నారు. అధ్యక్షుడు నవనీత్. ముప్పై రెండేళ్ళు, ఏదో కంపెనీలో మేనేజరు, చురుకైనవాడు. పెద్దాయన ఉంటే బాగుంటుందని సింహాచలం గారిని కార్యదర్శిని చేశారు.

జనవరి సమావేశానికి షిప్‌యార్డు నుంచి నలుగురు వచ్చి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. అందులో ఒకడు చెయ్యెత్తి ముందుకొచ్చాడు.

"నా పేరు ఏడుకొండలండి. సికాకులం. వెల్డరుని. పోయినుగాదికి స్టేజీ కట్టింది మేమే, కుర్చీలు మోసింది మేమే. పోగ్రాం మొదలెట్టగానే మమ్మల్ని బయటికెళ్ళమన్నారు. మోసినోలం కూకోడానికి పనికిరామా? వర్క్ పర్మిటోల్లకి సబ్యత్వం లేదంట. మేం తెలుగోలం కామేటి?"

ఎవరో లేచి, కూలిపనికి వర్క్ పర్మిట్ మీద వచ్చినవాళ్ళకు ఓటుతో సహా పూర్తి సభ్యత్వం ఇవ్వాలని ప్రతిపాదించారు. వీగిపోతుందిలే అనుకుని నవనీత్ ఓటుకు పెట్టాడు. వద్దని పంతొమ్మిది చేతులు, ఇవ్వాలని ఇరవై మూడు. ఆ ఇరవై మూడులో నాదొకటి. సింహాచలం గారు రెండుసార్లు లెక్కపెట్టి రాసుకున్నారు.

తర్వాత పాత కొలువు అలవాటు ప్రకారం, మినిట్సు ప్రతిని అధ్యక్షుడికి పంపారు. ఇంకెవరైనా అయితే నేరుగా పుస్తకంలోకి ఎక్కించి సంతకం పెట్టించేవారు.

నవనీత్ ఆ ఆదివారమే బెడోక్‌లో ఆయన ఇంటికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"అంకుల్, చిన్న వర్డింగ్ ఛేంజ్, అంతే. 'ఆమోదించడమైనది' తీసేసి 'పరిశీలనకు తీసుకోవడమైనది' అని పెడదాం."

"వేండాం బాబూ, వద్దు. చేతులు లెక్కపెట్టాను. ఇరవై మూడు."

"లెక్క గురించి కాదంకుల్. వాళ్ళు ఎనభై మంది ఉన్నారు, మనం నలభై చిల్లర. రేపు ఎలక్షన్ పెడితే ప్రెసిడెంటెవరో లారీల్లో పనికెళ్ళేవాళ్ళు డిసైడ్ చేస్తారు. స్పాన్సర్లకి ఏం చెప్పాలి? ప్రాక్టికల్‌గా ఆలోచించండి."

"మీరు మాట్లాడింది తప్పు పడుంటే దిద్దండి. సభ తేల్చింది దిద్దడం కుదరదు. తా బోలె!"

కోపమొస్తే ఆయన తెలుగులోకి తమిళం, మలయ్ దొర్లుకొచ్చేవి.

నవనీత్ నవ్వాడు. ఇక్కడి యాస అప్పటికే ఒంటబట్టింది. "ఇది పార్లమెంట్ కాదు లా, అంకుల్."

వంటగదిలోంచి కోటేశ్వరి అంది: "పార్లమెంట్ కాకపోతే మరి ఎలక్షనంటే అంత భయం దేనికి నాయనా? కాఫీ చల్లారిపోతోంది, తాగు."

రెండు వారాలకు మినిట్సు ఈమెయిల్లో అందరికీ వెళ్ళాయి. నాకు ఎవరో అచ్చు తీసి ఇచ్చారు. 'పరిశీలనకు తీసుకోవడమైనది' అనే ఉంది. కింద కార్యదర్శి అని సింహాచలం గారి పేరు.

నేను మెట్లెక్కి పైకి పరుగెత్తాను. "ఆ ఇరవై మూడు మందికీ ఫోన్లు చేయండి" అన్నాను.

"క్లర్కు ప్రచారం చేయకూడదు తారమ్మా. సభలో ఎవరైనా చదవమంటే చదువుతాను."

"మీ పేరు పెట్టి అబద్ధం పంపారండీ!"

"అది సభలోనే తేలాలి."

ఆయన మీద నాకు కోపం వచ్చిన రోజు అదొక్కటే.

మార్చి సమావేశం బుకిట్ బటోక్‌లో ఒక అపార్టుమెంటు బ్లాక్ కింది గదిలో జరిగింది. ఏడుకొండలూ ఆ ముగ్గురూ మళ్ళీ గోడ దగ్గర నిలబడ్డారు. "పోయిన మినిట్సు అందరూ చూశారుగా, ఓకే కదా?" అని నవనీత్ తర్వాతి విషయంలోకి వెళ్ళబోయాడు. సభల్లో నోరెత్తే అలవాటు నాకు లేదు.

"చదివించండి" అన్నాను.

"ఆంటీ, ఈమెయిల్లో పంపాం కదా."

"నాకు ఈమెయిల్ లేదు. చదివించండి."

నవ్వులు. "సరే అంకుల్, ఆంటీ కోసం చదివేయండి" అన్నాడు నవనీత్.

సింహాచలం గారు లేచారు. ముందు పెట్టిన అచ్చు కాగితాన్ని పక్కకు జరిపి, తన పొడుగు పుస్తకం తెరిచి, అక్షరం వదలకుండా చదివారు. అనుకూలం ఇరవై మూడు. వ్యతిరేకం పంతొమ్మిది. ఆమోదించడమైనది. చదివి కూర్చున్నారు.

గోల మొదలైంది. ఆ గోలలో నవనీత్‌కు వచ్చిన ఆలోచన చూడండి. ఏ మినిట్సు సరైనవో ఓటు పెడదామన్నాడు! జరిగిన పని జరిగిందా లేదా అని చేతులెత్తి తేలుస్తారట. ఇంత చదువుకున్నవాళ్ళు, కంప్యూటర్లకు తర్కం నేర్పేవాళ్ళు, ఒక్కరూ ఇదేమిటని అడగలేదు.

"మేం సెయ్యెత్తొచ్చా అండి?" అని ఏడుకొండలు అడిగాడు.

"మీరు మెంబర్సా కాదా అన్నదే కదా క్వశ్చన్!" అన్నాడు నవనీత్. మళ్ళీ నవ్వులు.

అచ్చు కాగితానికి ఇరవై తొమ్మిది. పుస్తకానికి పదకొండు. జనవరిలో చెయ్యెత్తిన ఇరవై ముగ్గురిలో ఇద్దరు ఆ రోజు రాలేదు. మిగిలిన ఇరవై ఒక్కరిలో పది మంది, తాము చెయ్యెత్తలేదని చెయ్యెత్తారు. నా పక్కనే కూర్చున్నావిడ ఎత్తింది. ఆమె పేరు నాకు తెలుసు. రాయను. చదివితే ఆమెకు తెలుస్తుంది.

సింహాచలం గారు ఆ ఓటును కూడా ఉన్నదున్నట్టు రాసుకున్నారు. బయటకొచ్చాక ఏడుకొండలు ఆయన దగ్గరకొచ్చాడు. "ఇంతకీ మేం మెంబర్లమా కాదా, అంకుల్?"

"మెంబర్లే. జనవరిలోనే అయ్యారు."

"మీ పుస్తకంలో అయితే అయ్యుంటాం బాబూ. మాకేటి ఉపయోగం?"

ఆయన పుస్తకం తెరిచి, వాళ్ళందరి పేర్లూ చెప్పమని అడిగి రాసుకున్నారు. మర్నాడు పొద్దున్నే కూర్చుని సభ్యత్వ కార్డులు రాయడం మొదలుపెట్టారు. సభ తేల్చినదాన్ని అమలు చేయడం కార్యదర్శి పని అన్నారు. నాలుగు రోజులు పట్టింది. ఎనభై కార్డులు, ఎనభై సంతకాలు. ఆదివారం రెండు బస్సులు మారి, షిప్‌యార్డువాళ్ళు ఉండే చోటికి వెళ్ళి, పేరు పేరునా పిలిచి చేతికిచ్చి వచ్చారు.

కమిటీ వెంటనే ఆయన్ని కార్యదర్శి పదవి నుంచి తీసేసింది. అదే ఉత్తరంలో, ఉగాది రోజు వేదిక మీద శాలువా కప్పి సన్మానిస్తామని రాసింది. ఎంత మర్యాదో!

ఉగాది నాడు సింహాచలం గారికీ కోటేశ్వరికీ చోటు చోప్ చేద్దామని, అదే, పట్టిపెడదామని నేను ముందే వెళ్ళి, రెండు కుర్చీల మీద రుమాళ్ళు వేసి కూర్చున్నాను. ఎంతకీ రాలేదు. లేచి వెళ్ళి చూస్తే గుమ్మం బయట ముప్పై మంది దాకా ఉన్నారు. ఇస్త్రీ చొక్కాలు, చేతుల్లో కార్డులు. బ్యాడ్జీ పెట్టుకున్న ఒకాయన "ఇవి చెల్లవు బ్రదర్, ప్లీజ్, గొడవ వద్దు" అంటున్నాడు. వాళ్ళలో ఎవరూ గొడవ చేయడం లేదు. సింహాచలం గారు, పట్టుచీరలో కోటేశ్వరి వాళ్ళ మధ్య నిలబడి ఉన్నారు.

"మీరు రండంకుల్, మీది ఫ్రంట్ రో" అన్నాడు బ్యాడ్జీ ఆయన.

"వీళ్ళు?"

అతను తల అడ్డంగా ఊపాడు. సింహాచలం గారు కదల్లేదు. నేనూ అక్కడే ఆగబోతే వారించారు. "మీరు లోపలికెళ్ళండి తారమ్మా. లోపల ఏం జరుగుతుందో ఎవరో ఒకరు చూడాలి."

వెళ్ళాను. పంచాంగ శ్రవణం, పిల్లల డాన్సు అయ్యాయి. తర్వాత మైకులో సింహాచలం గారి పేరు పిలిచారు. రెండోసారి పిలిచారు. మూడోసారి నవనీత్ మైకు అందుకుని, "అంకుల్‌కి ఒంట్లో బాగోలేదట, రాలేకపోయారు, ఆయన తరఫున..." అన్నాడు. జనం చప్పట్లు కొట్టడానికి చేతులెత్తారు.

నేను లేచి నిలబడ్డాను.

"వచ్చారు. బయట నిలబడ్డారు, మన సభ్యులతో" అన్నాను.