పడుగుకు పెట్టే గంజి

మాది గద్వాల. మావారు మగ్గం మీద చీరలు నేస్తారు. నాకు మోకాళ్ల నొప్పులని దవాఖానకు వెళ్తే బరువు తగ్గమన్నారు. అప్పటి నుంచి అన్నం మానేశాను. రెండు పూటలా జొన్నరొట్టె తిని, రోజూ పొద్దున్నే నడకకు వెళ్లేదాన్ని. అయినా బరువు తగ్గితే ఒట్టు!

నడిచి వచ్చేసరికి ఆకలికి ప్రాణం పోయేది. నేతలో నిలువుగా ఉండే పడుగు దారాలకు రాయడానికి అత్తమ్మ కాచిన బియ్యపు గంజి పొయ్యి పక్కనే ఉండేది. అన్నం కాదు కదా అనుకుని, చెంబెడు ముంచుకుని ఉప్పేసుకుని తాగేదాన్ని. ఎవరికీ తెలియకుండా గిన్నెలో మళ్లీ చెంబెడు నీళ్లు పోసేదాన్ని.

గంజి చిక్కగా పడితేనే దారానికి బలం. కొన్నాళ్లకు మగ్గం మీద పోగులు తెగడం మొదలైంది. ఆయన అతికినకొద్దీ తెగేవి. ఒకరోజు నేను గంజి తాగుతుంటే ఆయన వంటింట్లోకి వచ్చి గడప మీద కూలబడ్డారు.

"నాకు కండ్లు సరిగ్గ కానొస్తలేవు. పోగు గట్టిగ అతుకుతున్ననో లేదో తెల్వదు. ఇగ నేసుడు బంద్ జేస్త" అన్నారు.

చెంబు కింద పెట్టేశాను.

"నీ కండ్లకేం గాలేదు. గంజి నేనే తాగుతున్న. నీళ్లు కలిపింది గూడ నేనే" అని ఏడ్చేశాను.

ఆయన చెంబు వైపు చూశారు. "ఆకలైతున్నదని ఒక్క మాట చెప్పొద్దా?" అన్నారు, అంతే. తిట్టినా బాగుండేది.

నా బరువు ఇప్పటికీ తగ్గలేదు. దానికిప్పుడు అంత బాధ లేదు. మగ్గం చప్పుడు కాసేపు ఆగితే మాత్రం చేతిలో పని వదిలేసి పరుగెత్తుతాను.