బుట్టలో దించిన చెవి మిషను

అలెగ్జాండ్రియాలో, కర్మూజ్ పేటలో, ఒక మేడ నాలుగో అంతస్తు బాల్కనీ నుంచి తాడు కట్టిన ఈతాకుల బుట్ట రోజుకు పదిసార్లయినా వీధిలోకి దిగేది. పొద్దున్నే రొట్టెలు, ఉడికించిన చిక్కుడు గింజలు పైకి వచ్చేవి. కుట్టడం పూర్తయిన స్కూలు యూనిఫారాలు కిందికి వెళ్ళేవి. నలభై ఏళ్ళలో ఆ బుట్ట పోగొట్టిన వస్తువంటూ ఒక్కటీ లేదు. రసీదు కాగితం అడిగినవాళ్ళూ లేరు, ఇచ్చినవాళ్ళూ లేరు.

ఆ ఇంట్లో ఇద్దరు అక్కచెల్లెళ్ళు. పెద్దది రతీబా, బట్ట కత్తిరిస్తుంది. చిన్నది సనియ్యా, కుడుతుంది. మాట్లాడే పని మాత్రం మొత్తం రతీబాదే. బేరాలు ఆవిడే, బ్యాంకులో సంతకం దగ్గర దెబ్బలాట ఆవిడే. ఒకప్పుడు సనియ్యాని చూసుకోడానికి ఒక పెళ్ళికొడుకు వస్తే, రతీబా వేసిన ప్రశ్నలకు తట్టుకోలేక మంచినీళ్ళు తాగొస్తానని వెళ్ళి మళ్ళీ రాలేదట. సనియ్యాకి కూడా పెద్ద బాధేమీ వేయలేదు. అక్క మాట్లాడుతూ ఉంటే వింటూ కుట్టుకోవడంలో ఆమెకి బతుకు హాయిగానే గడిచిపోయింది.

రెండేళ్ళ కిందట రతీబాకి చెవులు మందగించడం మొదలైంది. ముందు తలుపు గంట వినిపించలేదు. తరువాత రేడియో. ఆ తరువాత సనియ్యా గొంతు. అదసలే సన్నటి గొంతు. అడిగిందొకటీ చెప్పిందొకటీ అయి అందరూ నవ్వుతుంటే సిగ్గేసి, రతీబా మాట్లాడ్డమే తగ్గించేసింది. ఇంట్లో కుట్టు మిషను చప్పుడొక్కటే మిగిలింది. యాభై ఎనిమిదేళ్ళ సనియ్యాకి అలాంటి ఇల్లు ఎప్పుడూ తెలియదు.

చెవి డాక్టరు సనియ్యాని పక్కకి పిలిచి చెప్పాడు. "నరం రోజురోజుకీ తగ్గుతోందమ్మా. మిషను ఎంత తొందరగా పెడితే అంత మంచిది. వినడం మానేసిన చెవి మాటల్ని మరిచిపోతుంది."

ఒక సీజను యూనిఫారాల కష్టమంతా పెట్టి, ఫోన్‌లో చూసి, ఒక కొట్టు నుంచి చెవి మిషను తెప్పించారు. వచ్చింది పెట్టి చూస్తే కూ అని ఈల వేయడం తప్ప ఇంకేమీ లేదు. రతీబా అవసరానికి దాని బలం చాలదు. కొట్టువాళ్ళని అడిగితే మంచిగానే ఒప్పుకున్నారు. "మా మనిషి గురువారం వచ్చి పెట్టె తీసుకెళ్తాడు. అది మాకు చేరగానే బలమైన మిషను పంపిస్తాం" అని ఫోన్‌కి మెసేజ్ కూడా పెట్టారు.

గురువారం కొట్టు మనిషి స్కూటరు మీద వచ్చి కింద నుంచి ఫోన్ చేశాడు.

"హాజ్జా, పెద్దమ్మా, పైకి రానా?"

"వద్దు నాయనా, లిఫ్టు చెడిపోయింది. నాలుగంతస్తులు ఎక్కించి నిన్ను చంపుతానా? బుట్ట దించుతున్నా, ఉండు."

సనియ్యా బుట్టలో పెట్టె పెట్టి, దాని మీద కాగితంలో చుట్టిన రవ్వ కేకు ముక్కలు రెండు పెట్టి దించింది. అతను పెట్టె సంచిలో వేసుకుని, ఒక ముక్క అక్కడే నోట్లో వేసుకుని, చెయ్యి ఊపాడు. "కాగితమేదైనా ఇస్తావా, నాయనా?" అని సనియ్యా అడిగింది. నాలుగో అంతస్తు నుంచి ఆ గొంతు మూడో అంతస్తు దాకానైనా దిగి ఉండదు. రతీబా అయితే వీధి వీధంతా వినిపించేలా అడిగి ఉండేది. స్కూటరు వెళ్ళిపోయింది. బుట్ట ఖాళీగా పైకి వచ్చింది. బుట్టలో పెట్టింది ఎక్కడికి పోతుందిలే అనుకుంది సనియ్యా.

రెండు వారాలు చూసి ఫోన్ చేసింది. అవతల ఒక అమ్మాయి.

"మీ పెట్టె మాకు అందలేదు, మదామ్."

"మీ మనిషే పట్టుకెళ్ళాడమ్మా."

"రసీదు ఉందా?"

"రవ్వ కేకు కూడా తిన్నాడు."

"ఆ కేకుకి రసీదు ఉందా, మదామ్?" వెనకెవరో కిసుక్కున నవ్వారు.

సనియ్యా ఫోన్ పెట్టేసి చాలాసేపు కుట్టు మిషను తొక్కలేకపోయింది. మర్నాడు ఏం మాట్లాడాలో ఒక కాగితం మీద రాసుకుని, చదువుతూ మళ్ళీ చేసింది. అలా పదకొండుసార్లు చేసింది. రతీబా కత్తెర ఆపి చూస్తూ ఉండేది.

"ఎవరితోనే అంతసేపు?"

ఏమీ లేదని సనియ్యా చెయ్యి ఊపింది.

"నీకు అబద్ధం ఆడ్డం కూడా నేనే నేర్పాలి," అంది రతీబా. "వదిలెయ్యవే. నేను వినాల్సినవన్నీ వినేశాను."

వదలొద్దన్నది మాత్రం కింద ఇస్త్రీ కొట్టు షహాతా బాబాయ్. "వినియోగదారుల ఆఫీసుకి పద. నేనొచ్చి చెబుతా. వాడు నా బల్లకి ఆనుకునే కదా కేకు తిన్నాడు. పొడంతా నేను ఇస్త్రీ చేసిన చొక్కా మీద రాల్చి పోయాడు. ఆ రోజు మరిచిపోతానా?"

ఆఫీసులో ఫాదియా అనే ఆవిడ అంతా విని, కళ్ళజోడు సర్దుకుంది. "రసీదు లేదు కాబట్టి మాకు సంబంధం లేదని వాళ్ళంటే కుదరదు, హాజ్జా. మనిషిని పంపింది వాళ్ళు. అతని చేతిలో పడ్డాక అది వాళ్ళ పూచీ. మీరు ఇచ్చారని చూపిస్తే సరి. వాళ్ళ మెసేజ్ ఉందా? అతను ఫోన్ చేసిన నంబరు?"

"అన్నీ ఉన్నాయమ్మా. నాకు తుడిచెయ్యడం రాదు."

ఫాదియా నవ్వేసింది. అన్నీ ఫోటోలు తీసుకుంది, షహాతా మాటలు రాయించుకుని వేలిముద్ర వేయించింది. "ఇంకెప్పుడైనా సరే, కాగితం చేతికొచ్చాకే పెట్టె వదలండి," అంది.

న్యాయం సనియ్యా వైపే ఉంది గానీ, అది నాలుగంతస్తులు ఎక్కుతున్న ముసలావిడలాగా వచ్చింది. కొట్టువాళ్ళు ఒకసారి జవాబివ్వలేదు, ఇంకోసారి అవే కాగితాలు మళ్ళీ అడిగారు. సముద్రం మీద నుంచి తుపాను వానలు వచ్చి వీధులు మునిగాయి, తేరాయి. సనియ్యా ట్రాము పట్టుకుని ఆ ఆఫీసుకి తిరుగుతూనే ఉంది. ఒకరోజు క్యూలో ముందు దూరిన మగమనిషిని "నీ వెనక మేము మనుషుల్లా కనబడ్డం లేదా" అని గట్టిగా అడిగేసింది. అతను వెనక్కి పోయి నిలబడ్డాడు. ఆ సంగతి చెప్పాలని ఇంటికి పరుగున వచ్చింది. రతీబా ఆమె పెదాలనే చూస్తూ వింది. నవ్వకూడని చోట నవ్వింది.

ఫిబ్రవరిలో పెట్టె దొరికిందని కొట్టువాళ్ళు రాశారు. పార్సిళ్ళు మోసేవాళ్ళ గదిలోనే పడి ఉందట. బలమైన మిషను వచ్చింది. ఈసారి సనియ్యా నాలుగంతస్తులు దిగి, చేత్తో తీసుకుంది.

రతీబా చెవిలో పెట్టుకుని ఉలిక్కిపడింది. "వినిపిస్తోందే," అంది.

ఆ సాయంత్రం సనియ్యా ఐదు నెలల మాటలు మాట్లాడింది. క్యూలో మనిషి, ఫాదియా కళ్ళజోడు, అన్నీ. "కేకుకి రసీదు అడిగిందక్కా, ఆ పిల్ల."

"మంచిదే, మంచిదే," అంది రతీబా.

సనియ్యా టీ గిన్నె అందుకుంది. "టీలో పుదీనా వెయ్యనా, వద్దా?"

"అవును."

"ఏదక్కా అవును?"

"అవునే," అంది రతీబా, నవ్వుతూ.

డాక్టరు పరీక్ష చేసి సనియ్యా వైపు తిరిగాడు. "శబ్దం చేరుతోందమ్మా. చెవి మాటని విడదీయలేకపోతోంది. ఐదు నెలల ముందు వచ్చుంటే..." అని ఆగాడు. "ఏమో. అప్పుడైనా చెప్పలేం."

"ఏమంటున్నాడే?" రతీబా అడిగింది.

"బాగా పనిచేస్తోందట."

"చెప్పాను కదా," అంది రతీబా. చెల్లెలి మొహం చూసి తల తిప్పుకుంది.

ఇప్పుడు రోజూ పొద్దున్న బల్ల దగ్గర కూర్చునే ముందు రతీబా మిషను పెట్టుకుంటుంది. వారానికోసారి గుండీ అంత బ్యాటరీని సనియ్యా మారుస్తుంది. ఎవరూ ఏమీ అడగరు. కొత్త బట్ట పరిచినప్పుడు సనియ్యా కొలతలు గట్టిగా చదువుతుంది. చదువుతూనే, ముడతలు సర్దుతున్నట్టుగా బట్ట మీద చెయ్యి పెట్టి, ఆ అంకె వేళ్ళతో చూపిస్తుంది. రతీబా కళ్ళు ఆ వేళ్ళ మీదికి వెళ్ళి వస్తాయి.

"విన్నాలే," అంటుంది, కత్తెర అందుకుంటూ.