చచ్చిన నీళ్ళ పాఠం

ఇన్‌స్పెక్టర్ లస్సాద్ క్లాసులో వెనక బెంచీలో కూర్చుని పెన్ను మూత తీశాడు. టీచరు దలెందా బోర్డు పక్కన నిలబడింది. ఇవాళ ఆయన రిపోర్టు బాగా రాస్తేనే ఆమె ఉద్యోగం పర్మినెంటు. లేదంటే పెట్టె సర్దుకుని పడవెక్కడమే.

కెర్కెనా దీవికి వచ్చేదాకా సముద్రాన్ని ఫోటోల్లో తప్ప చూడని మనిషి దలెందా. కైరువాన్‌లో తీరానికి దూరంగా తివాచీలు నేసేవాళ్ళ ఇంట్లో పుట్టి, చదువుకుని, సైన్సు టీచరై ఇక్కడికొచ్చింది. పిల్లలు పుస్తకం గడగడా చదివేసేవాళ్ళు. అర్థం అడిగితే గోడలు చూసేవాళ్ళు. ఓసారి రేవులో కాఫీ కొట్టు ముందు ఆ పిల్లలే, జాలర్ల సంఘం వారంవారం వేసే కాగితం చదివి కొట్టుకునేంతగా వాదించుకుంటున్నారు. అంతే! అప్పట్నుంచీ ఆ కాగితంలోంచి కత్తిరించిన ముక్కలతోనే పాఠాలు.

"ఇన్‌స్పెక్టర్ ముందు మాత్రం ఆ చేపల కాగితం తియ్యకు తల్లీ," అని పొద్దున హెడ్మాస్టర్ బతిమాలాడు.

ఆమె వింటేగా! ముక్క గోడ మీదే ఉంది: "ఈ వారం నీళ్ళు చచ్చిపోయాయి. దడుల్లో చేప పడదు." పక్కన బోర్డు మీద నిన్న ఆమె రాసింది: మురికి చేరి, ఆక్సిజన్ తగ్గి, నీళ్ళు చచ్చిపోతాయి.

"నీళ్ళెందుకు చచ్చిపోయాయి? ఎవరు చెప్తారు?" అన్నాడు లస్సాద్.

పిల్లలు బోర్డు వైపూ మేడమ్ వైపూ చూశారు. నిన్న ఇదే చెప్తుంటే క్లాసంతా కిసుక్కుమంది, ఆమె కసిరింది. దలెందాకి ఇప్పుడు ఆ నవ్వు గుర్తొచ్చింది. అసలెందుకు నవ్వారు?

"నువ్వు లే. మీ నాన్నేం చేస్తాడు?" పక్క బెంచీలో పిల్లని లేపాడు లస్సాద్.

"సముద్రంలో ఖర్జూరపు మట్టల దడి కడతాడు సార్, చేపల కోసం," అంది నజ్లా.

"అయితే నీకు తెలిసుండాలి."

"తెలుసు సార్. కానీ మేడమ్..." బోర్డు వైపు చూసి ఆగిపోయింది.

దలెందా కళ్ళతో చిన్న సైగ చేస్తే చాలు, పిల్ల బోర్డు మీదున్నది అప్పజెప్పేస్తుంది. రిపోర్టు గట్టెక్కుతుంది. దలెందా చేతిలో సుద్దముక్క విరిగింది.

"నీకు తెలిసిందే చెప్పమ్మా," అంది.

"మురికేం కాదు మేడమ్! చందమామ సగమున్నప్పుడు పోటు సరిగ్గా రాదు, ఆటు సరిగ్గా పోదు. నీళ్ళు కదలకపోతే చేప దడిలోకి రాదు. దాన్నే చచ్చిన నీళ్ళంటాం."

"ఈ సముద్రంలో ఆటుపోట్లు లేనట్టేనని పుస్తకంలో ఉందిగా?"

"పుస్తకం రాసినాయన మా రేవుకి రాలేదేమో సార్!"

క్లాసు గొల్లుమంది. లస్సాద్ నవ్వలేదు.

"టీచరుగారూ, ఇది నిన్న మీకు తెలుసా?"

"తెలీదు సార్." బోర్డు తుడిచేసింది. "తప్పు చెప్పాను. మీరది రాయాల్సిందే. కాగితం చదివి పిల్లలే దిద్దారని కూడా రాయండి."

పెన్ను కాగితం మీద ఆగింది. లస్సాద్ పిల్లల వైపు తిరిగాడు.

"మరి నీళ్ళు మళ్ళీ ఎప్పుడు బతుకుతాయి?"

అందరూ గోడ మీదికి ఎగబడ్డారు. కాగితం అంచున చందమామ బొమ్మలు. "పౌర్ణమికి! వచ్చే వారం!"

లస్సాద్ పెన్ను మూత పెట్టేశాడు. "అయితే ఆ రోజే వస్తాను. మీరు చెప్పింది నిజమైతే అప్పుడే రాస్తాను."

దలెందా ఖాళీ బోర్డు మీద 'పౌర్ణమి' అని రాసింది.

"బూట్లు విప్పి రండి సార్," అంది నజ్లా, "నీళ్ళు మోకాళ్ళదాకా వస్తాయి!"