గుక్క తిప్పుకోని గిటారు

గడియారాలు బాగుచేసేవాళ్ళకి ఒక అలవాటు ఉంటుంది. వెంట్రుకంత స్ప్రింగును పట్టుకారుతో ఎత్తేటప్పుడు ఊపిరి బిగబడతారు. వదిలారా, ఆ స్ప్రింగు ఎగిరి ఏ బల్ల కిందో పడుతుంది. ఆపైన మోకాళ్ళ మీద పాకుతూ వెతుక్కోవాలి. మన మనిషికి ఈ పని నేర్పింది బావ. కింద దుకాణం బావది. పైన ఇల్లు మాత్రం అక్కదనే చెప్పాలి, అక్కడ బావ మాట చెల్లదు. మీసాలు రాకముందు కంటికి భూతద్దం బిగించుకుని కూర్చున్నవాడు నలభై దాటినా ఆ కుర్చీ వదల్లేదు. పెళ్ళి ఊసెత్తితే "చూద్దాంలే" అనేవాడు. చివరికి అడిగేవాళ్ళే విసుగెత్తి మానుకున్నారు.

ఆ చూద్దాంలే వెనక ఉన్నది గిటారు. సాయంత్రం షట్టరు దించగానే తన గదిలో దూరి, జాజ్ రికార్డులు పెట్టుకుని, అందులో గిటారు వాయించిన చోట్లన్నీ ఉన్నవి ఉన్నట్టు తన తీగల మీద దించేవాడు. చిన్న చిన్న చక్రాలకు అలవాటుపడ్డ వేళ్ళు కదా, పరుగులో వాటికి ఎదురులేదు. దగ్గు మినహా ఆ రికార్డుల్లో అతను దించనిది లేదని బావ ఎగతాళి చేసేవాడు.

ఆదివారం మధ్యాహ్నాలు ఫర్నిచర్ షాపు పైనున్న హాల్లో ఒక చిన్న జాజ్ బృందం వాయించేది. సాక్సఫోన్ ఊదే పెద్దాయన దానికి నాయకుడు. పియానో దగ్గర ఒక టీచరమ్మ, డ్రమ్స్ దగ్గర ఒక బస్సు డ్రైవరు, ఈ పక్కన గిటారుతో మనవాడు. జాజ్‌లో పాటను మొదటిసారి ఉన్నదున్నట్టు వాయిస్తారు. రెండోసారి వంతు వచ్చినవాడు అదే పాట మీద అక్కడికక్కడ తన సొంతం అల్లుకుంటూ పోవాలి. మనవాడి వంతు వచ్చినప్పుడల్లా రికార్డుల్లోంచి నేర్చినదంతా ఒక్కసారిగా వచ్చి పడేది.

"ఈయన వాయించడండీ, కొళాయి తిప్పి వదిలేస్తాడు. బకెట్ నిండినా కట్టడు," అన్నాడు డ్రైవరు ఒకనాడు. అప్పట్నుంచి మనవాడి పేరు కొళాయి. అందరితోపాటు అతనూ నవ్వాడు గానీ, ఆ పూట భోజనం సగంలోనే లేచిపోయాడు. చప్పట్లు తనకే ఎక్కువ వస్తాయని అతనికి తెలుసు. ఆ చప్పట్లు తన వేళ్ళకేనని కూడా తెలుసు. రెండోది ఒప్పుకోవడం కష్టంగా ఉండేది.

పెద్దాయనకు ఒక నెమ్మది పాట ఉంది. సొంతంగా కట్టుకున్నది, ఎక్కడా రికార్డు కాలేదు. అది ఆయన ఊదుతుంటే హాల్లో కుర్చీలు కూడా కిర్రుమనేవి కావు. ఆ ఏడు ఆయన ఊపిరితిత్తులు మొరాయించాయి. ఇంకా ఊదుతానంటే నా దగ్గరికి రావద్దన్నాడు డాక్టరు.

"ఈ పాట నాతోనే మూతపడిపోకూడదు," అన్నాడు పెద్దాయన మనవాణ్ణి పక్కకు పిలిచి. "టీచరమ్మకివ్వాలా, నీకివ్వాలా అని చూస్తున్నాను. తీగ మీద వినాలని నాకు ఆశ. కానీ నువ్వు వాయిస్తుంటే నాకు ఆయాసం వస్తోందయ్యా."

"నెమ్మదిగానే వాయిస్తాను సార్."

"వేగం సంగతి కాదు. నేను ఊదేవాణ్ణి. గాలి అయిపోయిందంటే నా మాట అక్కడికి ఆగాల్సిందే. నీకు గాలితో పనిలేదు, అదే నీ రోగం. నీ మొహం ఎప్పుడన్నా చూసుకున్నావా? వంతు వస్తే చాలు, ఊపిరి బిగబట్టి ఎర్రబడిపోతావు."

ఇంటికొచ్చి అద్దం ముందు కూర్చుని వాయించి చూసుకున్నాడు. నిజమే. పట్టుకారు పట్టిన మొహమే అక్కడ కనిపించింది. ఇన్నేళ్ళుగా గిటారు ముందు కూడా స్ప్రింగే ఎత్తుతున్నాడన్నమాట. ఎక్కడ ఏ స్వరం ఎగిరిపోతుందోనని భయం.

ఆ పాట అతనికి కావాలి. ఇంకొకరి చేతుల్లో వినలేడు, టీచరమ్మ ఎంత మంచిదైనా సరే. కాబట్టి బాగుచేసేవాడి బుద్ధితోనే పనిలోకి దిగాడు. ఇన్ని స్వరాలకొక ఖాళీ చొప్పున కొలిచి బిగించాడు. తరువాతి ఆదివారం అది విని పెద్దాయన తల పట్టుకున్నాడు.

"ఇదివరకు ఆయాసమే. ఇప్పుడు ఎక్కిళ్ళు కూడా తోడయ్యాయి."

దుకాణంలో బావ ఈ కథ విని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. "బావమరిదీ, ఊళ్ళో ఆగిపోయిన గడియారాలన్నీ నడిపిస్తావు. నిన్ను ఆపడం మాత్రం ఎవరివల్లా కావడం లేదు."

ఇక మిగిలింది ఒకటే దారి. వాయించేది నోటితో పాడుతూ వాయించాలి. గొంతు ఎక్కడ ఆగితే వేళ్ళూ అక్కడే ఆగాలి. గొంతు చూద్దామా అంటే తుప్పుపట్టిన గేటు. తలుపు వేసుకుని, కిటికీ మూసుకుని, సిగ్గుపడుతూ మొదలుపెట్టాడు. పాడగలిగింది చాలా తక్కువని తేలింది. రికార్డుల సరుకంతా గొంతులో పట్టలేదు, రాలిపోయింది. మిగిలింది ఏవో పొట్టి పొట్టి ముక్కలు. వాటిని ఎవరి దగ్గరా దించుకున్నట్టు లేదు. అంత పేదగా ఉన్నాయని అతనికి దిగులు వేసింది.

అక్క తలుపు తోసుకుని వచ్చింది. "ఎవర్రా ఏడుస్తోంది?"

"పాడుతున్నానక్కా."

"ఆహా. అయితే నీకు ఏడవడమూ పాడటమూ ఒకటే." మంచం మీద కూర్చుని మోకాళ్ళు రాసుకుంది. "చంటిపిల్లాడప్పుడూ ఇంతేరా నువ్వు. గుక్కపట్టావంటే మళ్ళీ తిప్పుకునేవాడివి కాదు. నీలంగా అయిపోయేవాడివి. అమ్మ పనికి పోయేది, ఇంట్లో నేనొక్కదాన్నే. నువ్వు చచ్చిపోయావనుకుని ఎన్నిసార్లు గుండె ఆగిందో. మొహం మీద ఉఫ్‌మని ఊదేదాన్ని. అప్పుడు గబుక్కున ఊపిరి పీల్చి, నన్ను చూసి నవ్వేవాడివి, దొంగవెధవా."

ఆ మాట అతను ఎప్పుడూ వినలేదు. తీగలు సవరిస్తూ కూర్చున్నాడు.

"ఆదివారం రా అక్కా," అన్నాడు చివరికి.

ఇంటి మెట్లతోనే సరి, ఆ హాలు మెట్లు కూడా ఎక్కలేనని ఇన్నేళ్ళూ తప్పించుకున్న అక్క ఆ ఆదివారం బావ భుజం పట్టుకుని ఎక్కింది. ముందు వరుసలో, చెయ్యి చాస్తే గిటారు తగిలేంత దగ్గర్లో కూర్చోబెట్టారు. పెద్దాయన సాక్సఫోన్ ఒళ్ళో పెట్టుకుని ఓ మూల కుర్చీలో ఉన్నాడు. అది అలవాటు కొద్దీ తెచ్చుకున్నదే, ఊదడానికి కాదు. "నా పాట ఎవరికివ్వాలో ఈరోజు విని తేల్చేస్తాను," అని అందరి ముందూ చెప్పేశాడు.

మొదటిసారి పాట నెమ్మదిగా, తప్పు లేకుండా నడిచింది. రెండోసారి మొదలవగానే భయం పట్టుకుంది. గదిలో పాడుకున్న ఆ పేద ముక్కలు ఇంతమంది ముందు ఎలా పెట్టడం? వేళ్ళు తమకు తెలిసిన దారిలో పరుగు తీశాయి. డ్రైవరు తల దించుకున్నాడు. పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. మనవాడి మొహం ఎర్రబడింది, ఇంకా ఎర్రబడింది.

అక్క కుర్చీలోంచి లేచింది. బావ ఆపబోయాడు గానీ ఆవిడ ఎప్పుడు విన్నది గనుక. ముందుకు వంగి, హాలంతా చూస్తుండగా, తమ్ముడి మొహం మీద ఉఫ్‌మని ఊదింది.

చేతులు ఆగిపోయాయి. అతను గబుక్కున ఊపిరి పీల్చాడు, ఆ చప్పుడు వెనక వరుస దాకా వినిపించింది. అక్కను చూస్తే నవ్వొచ్చింది. టీచరమ్మ ఎదురుచూస్తూ ఒకే స్వరాన్ని మెల్లగా మోగిస్తూ ఉండిపోయింది. ఆ ఖాళీలో ఏమీ ఎగిరిపోలేదు. అప్పుడు ఒక పొట్టి ముక్క వాయించాడు, గొంతులో పట్టినంత. ఆగాడు, ఊపిరి తీసుకున్నాడు. ఇంకొకటి వాయించాడు. అతని తుప్పు గొంతు తీగలతోపాటు సన్నగా వినిపిస్తూనే ఉంది, దాన్ని దాచుకోవాలని కూడా అతనికి తట్టలేదు. మూల కుర్చీలో పెద్దాయన పెదాలు కదులుతున్నాయి. గిటారు ఆగిన ప్రతిచోటా ఆయన కూడా ఆగి, నింపాదిగా ఊపిరి పీల్చుకుంటున్నాడు.

పాట అయిపోయింది. మునుపటంత పెద్దగా చప్పట్లు రాలేదు. పెద్దాయన సాక్సఫోన్‌ను పెట్టెలో పెట్టి మూత వేశాడు. లేచి, మెల్లగా మనవాడి దగ్గరికి నడిచి వచ్చాడు.

"ఆయాసం రాలేదయ్యా," అన్నాడు.