అప్పన్న మావ మరిచిపోలేదు

నిన్న పొద్దున్న ఆఫీసులో ఉండగా ఫోన్ బీప్ మంది.

మన తెలుగువాళ్ల సంఘం ఎస్సెమ్మెస్. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. వాట్‌గంజ్ అప్పన్న మావ తెల్లవారుజామున పోయాడని.

మొన్న ఆదివారమే కదా మా ఇంట్లో టీ తాగి వెళ్లాడు.

నేను రాసిన సాఫ్ట్‌వేర్ నుంచే వచ్చింది ఆ మెసేజ్. చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఏడుపు కంటే ముందు నాకొచ్చిన ఆలోచన ఇది: ఈసారి ఎంతమందికి వెళ్లింది?

ఎందుకలా అనుకున్నానో ఇవాళ చెప్పేస్తాను.

మావ మాకు చుట్టం కాదు. శ్రీకాకుళం నుంచి మా నాన్నతో పాటు ఇక్కడికి, బెంగాల్ ఓడరేవులో డాక్ పనికి వచ్చినవాడు. వాట్‌గంజ్, లిలువా, సంత్రాగాఛి... ఈ పేటల్లో మనవాళ్లలో ఎవరింట చావు జరిగినా కబురు మోసేది ఆయనే. గుమ్మం బయటే నిలబడి చెప్పేవాడు. మంచినీళ్లు కూడా తాగకుండా ఇంకో ఇంటికి వెళ్లిపోయేవాడు.

చిన్నప్పుడు మావ గుమ్మంలో ఆగితే మాకు గుండె గుభేల్‌మనేది. లోపలికొచ్చి కూర్చుంటే హమ్మయ్య, టీ కోసం వచ్చాడు అనుకునేవాళ్లం.

ఆయన దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. అందరి ఫోన్ నంబర్లూ అందులోనే. మనలో ఒక పేరు పెట్టి పిలిస్తే పదిమంది పలుకుతారు కదా. అప్పలరాజులు, సింహాచలాలు, లక్ష్ములు. మావ చదువు అంతంతమాత్రం. అందుకని పేరు పక్కన బొమ్మ వేసుకునేవాడు. క్రేన్ అప్పలరాజుకి కొక్కెం. టీకొట్టు అప్పలరాజుకి కప్పు. చేపల లక్ష్మికి చేప.

మూడేళ్ల కిందట నాకు సెక్టర్ ఫైవ్‌లో బల్క్ ఎస్సెమ్మెస్ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. కంప్యూటర్‌లో ఒకసారి మెసేజ్ టైప్ చేసి నొక్కితే వందల ఫోన్లకు ఒకేసారి వెళ్లిపోతుంది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు. మన సంఘానికీ పెట్టేస్తానన్నాను.

మావ పుస్తకం తీసుకుని పేర్లూ నంబర్లూ ఎక్కించాను. బొమ్మలెందుకని వదిలేశాను.

ఒకరికే రెండుసార్లు వెళ్లకూడదని, మళ్లీ మళ్లీ వచ్చినవి తీసెయ్యమని కంప్యూటర్‌కి చెప్పాను. నంబర్లు చూసి తియ్యమనాల్సింది. పేర్లు చూసి తియ్యమన్నాను.

అంతమంది అప్పలరాజుల్లో ఒక్కడు మిగిలాడు. లక్ష్ముల్లో ఒక్కతి. నేను చూసుకోలేదు.

ఆ తర్వాత వారానికే సంత్రాగాఛిలో క్రేన్ అప్పలరాజన్న వాళ్లమ్మ పోయింది.

మావ చెప్పులేసుకుని, గొడుగు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. "లిలువా ఓ పాలి నానెల్లొచ్చేస్తానే అమ్మీ. సావు కబురు మనిసెల్లి సెప్పాల" అన్నాడు.

మోకాళ్ల నొప్పులతో నీకెందుకు మావా, అందరికీ వెళ్లిపోయింది అన్నాను. స్క్రీన్ చూపించాను. డెలివర్డ్. డెలివర్డ్. డెలివర్డ్.

నన్ను నమ్మి, గొడుగు మూల పెట్టి కూర్చున్నాడు.

అక్కడ సంత్రాగాఛిలో సాయంత్రం దాకా శవాన్ని ఉంచారు. మనవాళ్లు పట్టుమని పదిమంది రాలేదు. చివరికి ఆ వీధి క్లబ్‌లో క్యారమ్స్ ఆడుకునే బెంగాలీ కుర్రాళ్లు వచ్చి పాడె మోశారు. మంచి పిల్లలే. కానీ అయినవాళ్ల భుజం దొరకలేదంటే మనలో ఎంత మాటో మీకు తెలుసు.

శనివారం ఆఫీసులో లిస్టు తెరిచి చూస్తే నా తప్పు కనబడింది.

ఆదివారం మీటింగ్. ఎర్రజెండా ఆఫీసు పక్కన మన సంఘం గది. మీలో చాలామంది అక్కడే ఉన్నారు. అప్పలరాజన్న లేచి, "మాయమ్మని మొయ్యడానికి మనోళ్లు లేకపోనారు. కబురెందుకెల్లలేదు?" అని అడిగాడు.

నాకింకా ఉద్యోగం పర్మనెంట్ కాలేదు. మా బాస్ మన సంఘం లిస్టునే డెమోగా అందరికీ చూపిస్తున్నాడు. రిపోర్ట్ కాగితం పట్టుకుని లేచాను. లిస్టులో ఉన్నవాళ్లందరికీ వెళ్లింది, పుస్తకంలో లేని నంబర్లకు నేనేం చేస్తాను అన్నాను.

పుస్తకం మావ చంకలోనే ఉంది. తెరిచి చూపిస్తే నా బండారం బయటపడేది.

మావ నా వైపు చూశాడు.

"నానే రాయడం మర్సిపోయుంటాను. ముసిలోణ్నైపోనాను గదా" అన్నాడు.

సోమవారం లిస్టు గుట్టుగా సరిచేశాను. ఆ తర్వాత ఒక్క కబురూ తప్పలేదు. అందరూ సాఫ్ట్‌వేర్‌ని మెచ్చుకున్నారు. మావ మతిమరుపు మీద జోకులేశారు. నేనూ నవ్వాను.

ఆయన్ని మళ్లీ ఎవరూ కబురు మొయ్యమనలేదు.

మా ఇంటికి మాత్రం వస్తూనే ఉన్నాడు. ఒక్కసారి అడిగాడు, "ఇప్పుడందరూ ఉన్నారేటే అమ్మీ, అందులో?" అని. ఉన్నారు మావా అన్నాను. "మరింకేటి" అని టీ తాగాడు.

ఆయనకు తెలుసని అప్పుడు అర్థమైంది. అయినా నేను నిజం ఒప్పుకోలేదు.

నిన్న మావని తీసుకెళ్తున్నప్పుడు వీధి చివర అప్పలరాజన్న నిలబడి ఉన్నాడు. పాడె ఆయన ముందు నుంచే వెళ్లింది. భుజం పట్టలేదు. నేను పదడుగుల దూరంలో ఉన్నాను. నిన్న కూడా చెప్పలేకపోయాను.

అందుకే ఈ పోస్ట్.

అప్పలరాజన్న ఈ గ్రూప్‌లో లేడు, వాళ్లమ్మాయి ఉంది. తల్లీ, నీకు తెలుగు చదవడం కష్టమైతే మీ అమ్మ చేత చదివించి, నాన్నకి వినిపించు.

అన్నా, మావ ఎవర్నీ మరిచిపోలేదు. మీ అమ్మ కోసం రావాల్సిన ప్రతి మనిషి పేరూ ఆ పుస్తకంలో ఉంది. వాళ్లని చెరిపేసింది నేను. అబద్ధం ఆడింది నేను.

పదోరోజుకి నువ్వు రా. నన్ను అందరి ముందూ తిట్టు, పడతాను. మావ మీద మాత్రం కోపం ఉంచుకోకు.

మావా, నువ్వుండగా చెప్పాల్సిన మాట నువ్వు పోయాక చెబుతున్నాను. క్షమించమని అడిగే మొహం కూడా లేదు.

నీ మనసు చల్లగా ఉండాలి మావా. వెళ్లిరా.