పచ్చగన్నేరు మెడలో పుర్రె

ఆ రోజుల్లో పిల్లలు వాళ్ళంతట వాళ్ళే పెరిగేవారు, తండ్రులు పక్కనుంచి చూసేవారు. మా నాన్న సంగతే తీసుకోండి. నాలుగేళ్ళప్పుడు నేను గేదెల కుడితి తొట్లో తలకిందులుగా పడితే ఆయన నన్ను కాళ్ళు పట్టి పైకి తీసి, తొట్లోకి తొంగి చూసి, "కుడితి ఒలికిందా?" అని మా అమ్మనడిగాడట. అలాంటి వంశంలో పుట్టినా, మా పిల్ల తుమ్మితే నాకు జ్వరమొచ్చేది. గుంటూరు, ప్రకాశం జిల్లాలు రెండూ జల్లెడ పట్టినా నా అంత పిరికి తండ్రి అప్పట్లో ఇంకొకడు దొరకడని (ఒంగోలు వైపు ఎవరో ఉన్నాడని తర్వాత విన్నాను గానీ, అతనికి కవలలు, కాబట్టి పోటీ చెల్లదు) నేను ఎవరి ముందైనా చెప్పగలను.

ఎనభైల మొదట్లో గుంటూరులో ఒక పురుగుమందుల కొట్లో గుమాస్తాగా ఉండేవాణ్ణి. పత్తి రైతులు పొద్దున్నే వచ్చి, పురుగు పట్టిన కాయలు బల్ల మీద పోసి, "దీని తాత కూడా చచ్చే మందియ్యవయ్యా" అనేవారు. నా వీపు వెనక అలమరాల్లో ఒక మోస్తరు దేశాన్ని శాశ్వతంగా నిద్రపుచ్చగల సరుకుండేది. దాని ముందే కూర్చుని క్యారేజీ విప్పి, పెరుగన్నంలో మాగాయ నంజుకుని, చేతులు కడుక్కుని, కాస్త కునుకు కూడా తీసేవాణ్ణి. భయమన్నదే లేదు. ప్రతి డబ్బా మీదా ఎర్ర త్రికోణంలో పుర్రె, కింద రెండు ఎముకలు, నాలుగైదు భాషల్లో 'విషం' అన్న మాట ఉండేవి. తాను విషమని తానే ఒప్పుకున్నవాడితో మనిషికి పేచీ ఏముంటుంది?

పేచీ చెట్లతో వచ్చింది. ఒక రోజు కంపెనీ మనిషెవరో ఒక చిన్న పుస్తకం కొట్లో మరిచిపోయి వెళ్ళాడు. ముందు సగంలో విషం ఒంట్లోకి పోతే కనిపించే లక్షణాలు: నోట్లో చొంగ, కంట్లో నీళ్ళు, ఒళ్ళంతా చెమట. వెనక సగంలో పెరట్లో పెరిగే విషపు మొక్కలు. మొదటి సగం వ్యాపారం కోసం చదివాను, రెండో సగం చదివి మా అమ్మాయి కోసం వణికాను. అప్పటికి దానికి పదిహేను నెలలు. పైన నాలుగు పళ్ళు, కింద రెండు. ఆ ఆరింటితోనే నా చెప్పు, వాళ్ళమ్మ జడ, రేషను కార్డులో ఒక మూల రుచి చూసేసింది. అలాంటి పిల్లను పెట్టుకుని మేం నల్లపాడులో అద్దెకున్న ఇంటి దొడ్డి ఎలాంటిదో అప్పుడు గాని నాకు తెలియలేదు. గన్నేరు ఉంది, ఉమ్మెత్త ఉంది, ఆముదం ఉంది, గోడ మీద గురివింద తీగ ఉంది. అన్నిటికీ పెద్దగా మధ్యలో పచ్చగన్నేరు. నేను పగలంతా మందుల కొట్లో పనిచేసి, సాయంత్రం దాని బ్రాంచికి ఇల్లని పేరు పెట్టుకుని వస్తున్నానన్నమాట.

ఆ ఇంటావిడను అందరూ టీచరమ్మ గారనేవారు. మిషను స్కూల్లో ముప్పై ఏళ్ళు చెప్పి రిటైరైన మనిషి. ఆవిడ భర్త, ఆయనా మాస్టారే, పోయి అప్పటికి ఆరేళ్ళు. ఆవిడ ఎవరితోనైనా, పాస్టరు గారితో సహా, రెండో తరగతి పిల్లలతో మాట్లాడినట్టే మాట్లాడేది. ధైర్యం చేసి వెళ్ళి, పచ్చగన్నేరు కొట్టించేద్దామండీ అన్నాను.

"అది మాస్టారు పెట్టిన చెట్టు. ప్రతి ఆదివారం ఆయన సమాధి మీదికి దాని పూలే పోతాయి. కొట్టించమంటావా?"

"పాప కాయ నోట్లో పెట్టుకుంటుందేమోనండీ."

"మా పిల్లలిద్దరూ దాని కిందే పెరిగారు. నువ్వు ఆ మందుల పక్కన కూర్చుని అన్నం తింటున్నావుగా, నేనేమన్నా అన్నానా?"

మా ఆవిడ కూడా ఇంటావిడ పక్షమే. "పిల్ల ఆ చెట్ల వంక చూడను కూడా చూడదండీ. మీరు చూసి చూసి దానికి కూడా చూపించేట్టున్నారు" అంది. నిజానికి ఆ మాట దగ్గరే నేను ఆగిపోయి ఉండాల్సింది. ఆగితే ఈ కథ లేదు.

కొట్లో కంపెనీ వాళ్ళు పంపిన విడి లేబుళ్ళ కట్ట ఒకటుండేది, దారిలో డబ్బాల మీదివి ఊడిపోతే అంటించడానికి. ఆ ఆదివారం టీచరమ్మ గారు చర్చికి వెళ్ళగానే గిన్నెడు మైదా జిగురు ఉడకబెట్టి, చాప మీద ఎండబోసిన మిరపకాయలు తొక్కకుండా పక్కనుంచి నడిచి, దొడ్లో ఒక్కొక్క చెట్టుకూ ఒక్కొక్క పుర్రె అంటించాను. పచ్చగన్నేరుకు మటుకు పెద్దరికం ఎంచి నాలుగు అంటించాను. తర్వాత నడుం మీద చేతులు పెట్టుకుని చూసుకుంటే, ఇన్నాళ్ళకు చెట్లన్నీ తమ నేరం ఒప్పుకున్నట్టు కనిపించి మనసు తేలికపడింది.

సాయంత్రం నాలుగింటికి టీచరమ్మ గారింట్లో ఆడవాళ్ళ ప్రార్థన కూడిక ఉందన్న సంగతి నాకు తెలియదు. పొద్దుటి నుంచీ చర్చిలోనే ఉండిపోయిన టీచరమ్మ గారి వెంట తెల్లచీరల్లో పన్నెండు మంది వచ్చి గేటు దగ్గరే ఆగిపోయారు. చెట్టు చెట్టుకూ పుర్రె కనిపిస్తుంటే ఎవరు మాత్రం లోపలికొస్తారు?

"వదినా, ఎవరన్నా చేతబడి చేయించారా ఏంటి?" అని ఒకావిడ అడిగింది.

"చేతబడి కాదమ్మా. మా వెనక వాటా అబ్బాయి చదువుకున్నాడు" అని, టీచరమ్మ గారు నన్ను అందరి ముందూ పిలిపించారు. "ఏమిటివి?"

"హెచ్చరికండి."

"ఎవరికి?"

"పాపకండి."

"పాపకు చదువొచ్చా?"

"బొమ్మ ఉంది కదండీ."

"ఏడాది దాటిన పిల్లకు ఎర్రటి బొమ్మ కనిపిస్తే దగ్గరికి పోతుందా, దూరం పోతుందా? నిదానంగా ఆలోచించి చెప్పు, తొందర లేదు."

నేను నిదానంగా ఆలోచిస్తూనే ఉన్నాను. ఇంతలో దొడ్లోంచి మా ఆవిడ గొంతు వినిపించింది. "ఏవండీ, పాపను చూడండి."

పచ్చగన్నేరు మొదట్లో కూర్చుంది మా అమ్మాయి. చేతిలో సగం చిరిగిన పుర్రె. మూడు లేబుళ్ళు అప్పటికే ఊడబెరికి జిగురు నాకేసినట్టుంది. నోటి నుంచి చొంగ ధారగా కారుతోంది. కళ్ళ వెంట నీళ్ళు. నుదుటి మీద చెమట. మొహం కందిపోయి, ఏడవడానికి ఊపిరి చాలక నోరు మాత్రం తెరిచి ఉంది. నాకు పుస్తకంలో పేజీ నంబరుతో సహా కనిపించింది. దాన్ని ఎత్తుకుని, చెప్పుల్లేకుండా, పన్నెండు మంది తెల్లచీరల మధ్యలోంచి రైలు స్టేషను దగ్గరున్న డాక్టరు ఇంటికి పరిగెత్తాను. నా జీవితంలో నేను నిజంగా దేవుణ్ణి పిలిచింది ఆ రెండు ఫర్లాంగులే. ఏ మతం దేవుణ్ణో కూడా చూసుకోలేదు.

డాక్టరు గారు పిల్ల మొహం చూశాడు, దాని గుప్పిట్లో పుర్రె చూశాడు, ఆయన మొహం రంగు మారిపోయింది. "ఏ మందు? ఎండ్రినా?"

"కాదండీ, గన్నేరు కాయ."

"లేబులు మందుది కదయ్యా."

"లేబులు మందుదేనండీ. కానీ చెట్టు మీదిదండీ."

"చెట్టుకు మందు కొట్టారా?"

"లేదండీ. చెట్టుకు లేబులు కొట్టాను."

ఆయన స్టెతస్కోపు పట్టుకుని, మా ఇద్దర్లో ముందు ఎవరిని చూడాలా అన్నట్టు నిలబడ్డాడు. గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోవడానికి ఎవరి జీపన్నా దొరుకుతుందేమోనని ఒక మనిషిని పంపాడు కూడా. అప్పుడొచ్చారు మా ఆవిడా, టీచరమ్మ గారూ, వాళ్ళ వెనక కూడికకు కూడికా. టీచరమ్మ గారు ఆయాసపడుతూనే ఒక ఎండు మిరపకాయ బల్ల మీద పెట్టింది. "ముందు దీన్ని చూడండి డాక్టరు గారూ. చాప మీద దొరికింది."

ఇంత పొడుగు మిరపకాయ. చివర నలిగి, గింజలు బయటికొచ్చి ఉన్నాయి. నలిగిన చోట పైన నాలుగు గాట్లు, కింద రెండు. డాక్టరు గారు పాప నోట్లో వేలు పెట్టి ఒక ఎర్రటి తొక్క బయటికి తీసి, కుర్చీలో కూలబడ్డాడు. "పెరుగు నాకించి పంచదార పెట్టండమ్మా" అన్నాడు మా ఆవిడతో. తర్వాత నాకేసి తిరిగి, "గుంటూరు వాళ్ళయ్యుండి, కారం తిన్న మొహం గుర్తుపట్టలేకపోయారా?" అన్నాడు.

ఇదీ నా తెలివి. ఆ కాయలు ముందు రోజు ఒక రైతు అభిమానంగా ఇచ్చినవి, స్వయంగా నేనే సైకిలు మీద కట్టి తెచ్చినవి. దొడ్లో పిల్లకు చేటు చేసే ప్రతిదాన్నీ పుస్తకం పెట్టుకుని వెతికినవాణ్ణి, వాటిని తొక్కకుండా జాగ్రత్తగా పక్కనుంచి నడిచాను. ఏం చెయ్యను, మా వైపు మిరపకాయను అనుమానించడం ఎవరికీ రాదు. అది మాకు ఇంట్లో మనిషి.

మర్నాడు లేబుళ్ళు పీకేయడానికి (ఇంటావిడ ఆజ్ఞ) ఇంకా వెలుగు పూర్తిగా రాకముందే దొడ్లోకి వెళితే, టీచరమ్మ గారు పచ్చగన్నేరు కింద నడుం వంచి, రాలిన కాయలు ఒక్కొక్కటే ఏరి చీర కొంగులో వేసుకుంటున్నారు.

"ఏం చేస్తున్నారండీ?"

"చూస్తున్నావుగా. నీ కూతురు పాకడం మొదలెట్టినప్పటి నుంచీ చేస్తున్నదే."

"మరి నాతో చెప్పలేదేమండీ?"

"చెప్తే నువ్వు నిద్రపోతావా? ఎక్కడ ఒకటి మిగిలిపోయిందోనని దీపం పట్టుకుని తిరుగుతావు."

"మీ పిల్లలు దీని కిందే పెరిగారన్నారు?"

ఆవిడ వంగిన మనిషి వంగినట్టే, తలెత్తకుండా, "అప్పుడు మాస్టారు ఏరేవారు" అంది.

నేను లేబుళ్ళ సంగతి మరిచిపోయి పక్కన కూర్చున్నాను. ఆవిడ కొంగు నిండితే నా లుంగీలో వేసుకున్నాను. ఆ తర్వాత రెండేళ్ళు ఆ ఇంట్లో ఉన్నంతకాలం ఇద్దరం పొద్దున్నే ఏరాం. ఒకటి మటుకు గమనించాను: ఏరుతున్నంతసేపు నాకు భయం వేసేది కాదు.

ఇప్పుడు మా అమ్మాయి ఆ కథ చెప్పించుకుని పగలబడి నవ్వుతుంది, నేనూ నవ్వుతాను. జిగురు గిన్నెతో చెట్ల మధ్య తిరిగిన ఆ కుర్రాణ్ణి చూస్తే ఎవరికి మాత్రం నవ్వు రాదు? కాకపోతే, మోకాళ్ళు పట్టేసి కింద పడిన కళ్ళజోడు తీసుకోవడానికే మనిషి సాయం కావలసిన ఈ వయసులో, ఏ కాయ పడితే ఆ కాయ కోసం అంత తేలిగ్గా వంగి లేచినందుకు వాణ్ణి చూస్తే నాకు కాస్త అసూయగా కూడా ఉంటుంది.